చదివేలోపు

భీమవరం పక్కన మా రొయ్యల చెరువులోనే మా ఆయన కరెంటు కొట్టి పోయారు. నీళ్లని చిలికి గాలి ఆడించే ఏరియేటర్ వైరు తెగి నీళ్లలో పడిందని ఎవరికీ తెలియలేదు. మనవరాలు శ్రావణి సాఫ్ట్‌వేర్ నేర్చాక, "తాతయ్యలా ఇంకెవరూ పోకూడదు మామ్మా" అంటూ స్నేహితులతో కలిసి ఫోన్ యాప్ మొదలుపెట్టింది.

"ఎవరూ పోలేదని ఎలా కొలుస్తావే?" అని అడిగేశాను.

"అందుకే పనిని ముక్కలు చేసుకున్నాం. ఈ రెండు వారాలకీ ఒకటే టార్గెట్. నీళ్లలోకి కరెంటొస్తే పది సెకన్లలో ఫోనుకి మెసేజ్ రావాలి. వస్తే పాసు, రాకపోతే ఫెయిలు."

పరీక్ష రోజు, నీళ్లలో కరెంటుని పసిగట్టి ఫోనుకి చెప్పే పరికరాన్ని తాడుతో చెరువులోకి దించారు. శ్రావణి ఫోను నా చేతికిచ్చి, కాళ్లు కడుక్కోవడానికి గట్టు దిగింది. వాళ్ల తాతయ్య పడిపోయిన చోటే అది. ఇంకా పరీక్ష మొదలే కాలేదు, ఫోను మోగింది.

యాభై దాటాక దిద్దిన అక్షరాలు నావి. కూడబలుక్కుంటే గానీ మాట రాదు. 'నీ... ళ్ల... లో... క... రెం...' అనుకుని తలెత్తేసరికి దాని పాదం నీళ్లకి జానెడు దూరంలో ఉంది.

"ఆగవే" అని అరిచాను. ఆగింది. నీళ్లలో ఉన్న ఏరియేటర్ వైరుకి తొడుగు నిజంగానే ఊడిపోయి ఉంది.

తేరుకున్నాక స్నేహితుడొకడు, "మెసేజ్ టైముకే వచ్చింది కదా, పాసని పెట్టేద్దామా?" అన్నాడు.

శ్రావణి, "మామ్మ చదివేలోపు నేను పోయేదాన్నిరా. మెసేజ్ రావడం కాదు, కరెంటే ఆగిపోవాలి. అది కొలుద్దాం" అంది.

ఇప్పుడు మా చెరువులో కరెంటు దానంతటదే ఆగుతోంది. అయినా ఇంట్లో ఏ ఫోను మోగినా నేను ముందు ఫోను వైపు చూడను. శ్రావణి పాదాలు ఎక్కడున్నాయో వెతుక్కుంటాను.