మామయ్య కోసం తిన్న భోజనాలు

ఆ రోజుల్లో ఊరు దాటిన మనిషికి అన్నం దొరకడం ఒక సమస్య, దొరికిన అన్నం తినగలగడం ఇంకో సమస్య. యుద్ధం నడుస్తోంది. బియ్యానికి కంట్రోలు, పంచదారకి కంట్రోలు, మా ఇళ్ళల్లో మగ్గాలు ఆడటానికి కావలసిన నూలుకీ కంట్రోలు. పెట్రోలు లేక బస్సుల వెనకాల పెద్ద పొయ్యి లాంటిదొకటి తగిలించి బొగ్గుతో నడిపేవారు (నడిపేవారు అనడం మర్యాద కోసం, కాస్త ఎత్తు వచ్చిందంటే మేమే దిగి తోసేవాళ్ళం). బెజవాడ హోటళ్ళలో మారు అన్నం అడిగితే వడ్డించేవాడు, ఈ మనిషిని ఎక్కడో చూశానే అన్నట్టు మన మొహం వంక చూస్తూ నిలబడిపోయేవాడు. అటువంటి కరువు రోజుల్లో నేను ఒకరోజంతా చోటు మార్చి చోటు తిరుగుతూ కడుపు పట్టనంత తిన్నాను. అదీ నా ఆకలి కోసం కాదు.

మా అమ్మకి అన్నగారు ఒకాయన ఉండేవాడు. చల్లపల్లి దగ్గర మా పల్లెలో నేసిన చీరలు మూట కట్టుకుని, అటు దివిసీమ నుంచి ఇటు గుడివాడ దాకా ఊరూరా తిరిగి అమ్మేవాడు. అత్తయ్య మాత్రం ఆ మాట ఒప్పుకునేది కాదు. ఆయన తిరిగేది తినడానికనీ, దారి ఖర్చులకి చీరలు అమ్ముతాడనీ అనేది. అందులో కొంత నిజం లేకపోలేదు. ఉయ్యూరులో ఆయన దగ్గర చీర కొనే ఇల్లు ఒక్కటీ లేదు, అయినా అక్కడ ఎవరో కాచే పాల కోసం దిగేవాడు. పామర్రులో ఒక పూటకూళ్ళమ్మ ఉండేది గనక సరిగ్గా భోజనాల వేళకి పామర్రు చేరేట్టు ఇంట్లోంచి బయలుదేరేవాడు. కొత్త ఊరికి వెళితే, ఇక్కడ మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందండీ అని ఎవరినీ అడిగేవాడు కాదు. ముందు చేతులు కడుక్కునే చోటికి పోయి నీళ్ళ గాబులోకి తొంగి చూసేవాడు. తరవాత రోడ్డు మీద నిలబడి, తిని బయటికొస్తున్న వాళ్ళ మొహాలు చూసేవాడు. వాళ్ళు గబగబా నడిచి వెళ్ళిపోతుంటే, వద్దురా, పోదాం పద అనేవాడు. అరుగు మీద చతికిలబడి, ఇక ఈ జన్మకి ఎక్కడికీ పోనక్కర్లేదన్నట్టు వక్క నములుతూ కూర్చుంటే అప్పుడు చెప్పులు విడిచేవాడు.

నేను ఆయనకి పూర్తిగా విరుద్ధం. మీసం మొలిచీ మొలవని వయసులో గవర్నరుపేటలో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా చేరాను. దుకాణం వెనక సందులోనే ఒక భోజనశాల ఉండేది. అక్కడ సాంబారుకీ చారుకీ తేడా ఏమిటంటే, సాంబారు ముందు పోసేవారు. నాకు అది కూడా బాగానే ఉండేది. పెట్టింది తిని, చెయ్యి కడుక్కుని, ఏం తిన్నానో వీధి మలుపు తిరిగేలోగా మరిచిపోయేవాణ్ణి. నాది చెక్క నాలికని మామయ్య బంధువులందరికీ చెప్పేవాడు, వీడికి పెళ్ళి చేసేటప్పుడు పిల్లకి వంట రాకపోయినా పరవాలేదనేవాడు.

అటువంటి మామయ్య ఒకరోజు పొద్దున్నే మూట లేకుండా దుకాణానికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. కొన్నాళ్ళ కిందట గొంతులో చేపముల్లు గుచ్చుకుందనీ, అది ఎంతకీ పోవడం లేదనీ, ముద్ద దిగడం లేదనీ గుసగుసగా చెప్పాడు. యజమానిని బతిమాలుకుని ఆయన్ని ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. డాక్టరుగారు చాలాసేపు చూసి, మామయ్యని బల్ల మీద కూర్చోబెట్టి నన్ను వరండాలోకి పిలిచారు. ముల్లూ కాదు, వాపూ కాదు. అన్నం దిగే గొట్టంలో పుండు, బాగా ముదిరిపోయింది. మద్రాసు తీసుకువెళ్ళినా శ్రమ తప్ప ఫలితం ఉండదన్నారు. గట్టి పదార్థం పెట్టొద్దు, పల్చటివి దిగినంతకాలం దిగుతాయి అన్నారు. దిగినంతకాలం అన్న మాట దగ్గర ఆయన గొంతు తగ్గింది.

లోపలికి వెళ్ళాను. గొంతు వాచిందట మామయ్యా, కొన్నాళ్ళు పల్చగా తాగమన్నారు అని చెప్పాను.

"రాచపుండేనా?" అన్నాడు, రంగు నిలుస్తుందా అని అద్దకంవాణ్ణి అడిగినంత మామూలుగా.

నేను నేల వంక చూశాను.

"సరేలే. నీకు ఆకలేస్తోందా?"

వేస్తోంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. కానీ ఆ మాట విన్న తరవాత ఆకలేస్తోందని చెప్పడానికి నోరు రాలేదు. నా కడుపు మాత్రం ఆయనకి వినిపించేంత గట్టిగా జవాబు చెప్పింది. మామయ్య కండువా దులుపుకుని లేచాడు.

ఏలూరు కాలవ పక్కన ఒక భోజనాల ఇంటికి తీసుకువెళ్ళాడు. లోపలి గది పెద్ద కులాలవారికి, మాబోటివాళ్ళకి వసారాలో ఆకులు వేసేవారు. ఎందుకని అప్పట్లో ఎవరూ అడిగేవారు కాదు, వసారాలో గాలి బాగా వస్తుందని సరిపెట్టుకునేవాళ్ళం. మామయ్య తనకి గ్లాసుడు పల్చటి మజ్జిగ చెప్పి, నాకు ఆకు వేయించాడు. తిను, తిని ఎలా ఉందో చెప్పు అన్నాడు. దోసకాయ పప్పు కలుపుకుని ముద్ద మింగి, బాగుంది మామయ్యా అన్నాను. కూర కూడా బాగుందన్నాను. గోంగూర కూడా బాగుందన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"మీ కొట్టుకి ఎవరన్నా వస్తే, చీర బాగుందండీ అని ఊరుకుంటావా? అంచు ఎట్లా ఉందో, నేత ఎట్లా ఉందో చెప్పవూ? నేనిక్కడ కొనడానికి కూర్చున్నానురా. విప్పి చూపించు."

ఏం చేయను? తెలిసిన భాషలోనే మొదలుపెట్టాను. పప్పు సన్న నూలు నేతలా మెత్తగా ఉంది గానీ మధ్యమధ్య దోసకాయ ముక్కలు పోగు తెగినట్టు తగులుతున్నాయన్నాను. గోంగూర గంజి ఎక్కువ పెట్టిన బట్టలా బిగుసుకుని ఉందన్నాను. మామయ్య కళ్ళల్లో వెలుగొచ్చింది. అయితే నూనె తక్కువైందన్నమాట, నెయ్యి వేసుకుని మళ్ళీ తిని చెప్పమన్నాడు. అలా మళ్ళీమళ్ళీ తినిపించాడు. వడ్డించేవాడు గొణుక్కోవడం మొదలుపెట్టాడు. నా పక్కన, కోర్టు పని మీద వచ్చినట్టున్న ఒక లావుపాటి పెద్దమనిషి ఇదంతా చూసి చూసి ఇక పట్టలేకపోయాడు. ఎముకల గూడులాంటి పెద్దాయన్ని మజ్జిగ నీళ్ళతో కూర్చోబెట్టి ఇన్నిసార్లు వడ్డించుకోవడానికి సిగ్గు లేదా అని నలుగురూ వినేలా అడిగాడు. నేను మామయ్య వంక చూశాను, అసలు సంగతి ఆయన చెబుతాడని.

మామయ్య నిట్టూర్చాడు. "ఏం చెప్పమంటారండీ, మేనల్లుడు. చిన్నప్పట్నుంచీ ఇంతే. వాడికి కాస్త పెరుగు కూడా వెయ్యమనండి, లేకపోతే ఊరుకోడు."

పంక్తి మొత్తం నా వంక చూసింది. ఆ చూపుల మధ్య ఆ పెరుగు ఎలా తిన్నానో నాకే తెలియదు (మామయ్య అడిగాడు గనక చెబుతున్నాను, కాస్త పులిసింది). బయటికి రాగానే ఆయన గోడకి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. ఆగాక కండువా నోటి మీంచి తీసి, ఒకసారి చూసుకుని, నాకు కనబడకుండా లోపలికి మడిచాడు. నాకు కనబడింది.

తరవాత కాఫీ అన్నాడు. చల్లారిన కాఫీ గుక్కలు గుక్కలుగా దిగుతుందని ఆయన నమ్మకం. గవర్నరుపేటలో తనకి తెలిసిన హోటలుకి తీసుకువెళ్ళాడు. కాఫీ వచ్చింది. ఆయన నోట్లో పోసుకుని, చాలాసేపు ఉంచుకుని, మింగి, గ్లాసు నెమ్మదిగా నా వైపు తోశాడు. చింతగింజలు వేయించి కలిపారురా అన్నాడు. ఇంకో హోటలుకి వెళ్ళాం, అక్కడా అంతే. ఇద్దరి కాఫీలూ నేనే తాగాను. దానితో పాటు, నూనె మంచిదో కాదో తెలుసుకోవాలన్నాడని రెండు చోట్లా పెసరట్లు కూడా తిన్నాను. దిగే కాఫీ కాస్తా ఊళ్ళో అసలుది దొరకలేదన్న కోపం ఆయన మొహంలో కనబడింది. డాక్టరు మాటకి కూడా ఆయన అంత కుంగిపోలేదు.

ఆయన్ని ఒంటరిగా పంపలేక నేనూ బస్సు ఎక్కాను. మధ్యాహ్నం ఎండ, బొగ్గు పొగ, గతుకుల రోడ్డు. ఉయ్యూరు దగ్గర దిగి బస్సు తోశాం. పాలు తాగుదామంటే ఆ పాలవాడు కొట్టు మూసుకుని వెళ్ళిపోయాడన్నారు. మళ్ళీ బస్సు ఎక్కాక నా కడుపులో దోసకాయ పప్పుకీ పెసరట్లకీ గొడవ మొదలైంది. కిటికీలోంచి తల బయటికి పెట్టి పొద్దుటి నుంచి తిన్నదంతా కాలవ గట్టుకి అప్పగించాను. ముద్ద మింగలేని మనిషి నా వీపు రాస్తూ కూర్చున్నాడు. నీకంటే నేనే నయంగా ఉన్నానురా అన్నాడు, చాలా తృప్తిగా.

పామర్రు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. బస్సుకి బొగ్గు వేసుకోవాలి, ఆలస్యమవుతుందన్నారు. పూటకూళ్ళమ్మ ఇంటికి నడిచాం. ఆవిడ ముసలావిడ, గుమ్మంలోనే మామయ్యని గుర్తుపట్టి, ఈమధ్య రావడం మానేశారేం నాయనా అంది. ఆకు ఒకటే వెయ్యమ్మా, వీడికి అన్నాడాయన. నాకూ వద్దని నేను చేతులు జోడించాను. మామయ్య చెప్పినదాన్నిబట్టి జిల్లాలోకెల్లా మంచి భోజనం దొరికే చోటు అది. అక్కడికి ఇంత కష్టపడి వచ్చి, ఇద్దరిలో ఒక్కడికీ తినే యోగం లేక పీటల మీద ఎదురెదురుగా కూర్చున్నాం.

ఆవిడ ఆయన మెడ వంక, పెదాల వంక చూసింది. లోపలికి వెళ్ళి, మెత్తగా ఉడికిన అన్నం చారులో చిదిపి, పల్చటి గుడ్డలో వడగట్టి రెండు గ్లాసుల్లో తెచ్చింది. మామయ్య ఒక గుక్క తీసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. గొంతు దగ్గర నరాలు బిగిసి, ఆగి, వదిలాయి.

"దిగిందిరా," అన్నాడు.

ఇంకో గుక్క తీసుకుని, మిరియాలు ఇప్పుడే దంచావు కదమ్మా అన్నాడు. ఆవిడ ఊఁ అని, దీపం వత్తి సరిచేసే పని ఉన్నట్టు అటు తిరిగింది. నేనూ తాగాను. ఖాళీ అయిపోయిన కడుపులోకి వెచ్చగా దిగింది. ఎవరూ అడక్కుండానే, మింగాక జీలకర్ర వెనకాల వస్తోంది మామయ్యా అన్నాను. ఆయన నా వంక చూసిన చూపు, నేను పరీక్ష ప్యాసయిన రోజున కూడా ఎవరి కళ్ళల్లోనూ కనబడలేదు.

ఆ తరవాత సెలవు దొరికినప్పుడల్లా పల్లెకి వెళ్ళేవాణ్ణి. వెళ్ళగానే ఆయన అడిగేది ఒకటే, ఈమధ్య ఏం తిన్నావురా అని. భోజనశాల సాంబారు గురించి చెప్పడానికి ఏముంటుంది? అందుకని బెజవాడంతా వెతకడం మొదలుపెట్టాను. నీళ్ళ గాబుల్లోకి తొంగి చూసి ఒకచోట తిట్లు తిన్నాను. అరుగుల ముందు నిలబడి మొహాలు చూస్తూ దొంగననిపించుకున్నాను. వన్‌టౌన్‌లో ఒక ఇరుకు సందులో అల్లం పచ్చడి, కాలవ వంతెన కింద ఒకావిడ వేసే గారెలు, రైల్వేస్టేషను దగ్గర అసలైన కాఫీ, అన్నీ ఆ వెతుకులాటలో దొరికినవే. ఒక్కొక్కటి ఆయన మంచం పక్కన కూర్చుని విప్పి చూపించేవాణ్ణి. నీళ్ళు దిగడం కూడా కష్టమవుతున్న ఇంట్లో ఈ తిండి కబుర్లేమిటని అత్తయ్య మొదట కోప్పడింది. తరవాత తరవాత గుమ్మంలో నిలబడి, అందులో ఇంగువ వేశారా అని తనే అడిగేది.

చివరిసారి వెళ్ళినప్పుడు ఆయన కళ్ళు తెరవలేదు. నిద్రపోతున్నాడేమోనని అత్తయ్య సైగ చేసింది. అయినా కొత్తగా దొరికిన చోట తిన్న కంద బచ్చలి కూర గురించి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. చెప్పి లేవబోతుంటే, పెదాలు కదిలాయి. "ఉప్పు?" అన్నాడు. సరిపోయింది మామయ్యా అన్నాను. తల కొంచెం ఊపాడు.

పెద్దకర్మ రోజున బంధువులందరికీ భోజనాలు. బియ్యం ఎక్కడెక్కడి నుంచో కూడబెట్టారు. నేనూ పంక్తిలో కూర్చున్నాను. పక్కనున్న బంధువు ఒకాయన మర్యాదకి, వంటలు బాగానే కుదిరాయి కదూ అన్నాడు. అంతే, నా నోరు నా మాట వినలేదు. వంకాయలు ముందే కోసి నీళ్ళలో వెయ్యకుండా ఉంచారు, అందుకే కనరెక్కాయన్నాను. పులిహోరలో చింతపండు పచ్చివాసన పోలేదన్నాను. గారెల పిండి రుబ్బేటప్పుడు నీళ్ళు ఎక్కువ పోశారన్నాను. చావింట్లో విస్తరి ముందు కూర్చుని వంటలకి వంకలు పెడుతున్న కుర్రవాణ్ణి చూసి పెద్దలందరూ ముద్దలు ఆపేశారు. మా నాన్న నన్ను లేపడానికి లేచాడు కూడా. అప్పుడు లోపలి గదిలోంచి అత్తయ్య గొంతు వినబడింది.

"వాణ్ణి చెప్పనివ్వండి. చారు సంగతి కూడా చెప్పమనండి."

చారు బాగుందని చెప్పాను. ఎందుకు బాగుందో కూడా చెప్పాను. ఏడుస్తూ, మారు పోయించుకుంటూ, మిరియం దగ్గర మొదలుపెట్టి కరివేపాకు దాకా చెప్పాను. గదిలోంచి వస్తున్న చప్పుడు నవ్వో ఏడుపో పంక్తిలో ఎవరికీ తెలియలేదు. ఇన్నేళ్ళ తరవాత, పళ్ళు సగం రాలిపోయి ఏ హోటలుకి వెళ్ళినా మెత్తటిది ఏముందని అడిగే ఈ వయసులో, మూతినిండా చారు పూసుకుని, ఊరందరి ముందూ ఎక్కిళ్ళు పెడుతూ పోపు గురించి ఉపన్యాసం ఇస్తున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే నాకు నవ్వొస్తుంది. పక్కన కూర్చుని, ఇంకాస్త పోయించుకోరా అని వాడికి చెప్పాలనిపిస్తుంది.