జనరల్ గారి నిండు కాలువ

మేజర్ జనరల్ దానం గారికి జీవితమంతా ఒకే కల వచ్చేది. కాలువ నిండుగా ఉంటుంది. కొబ్బరిచెట్ల నీడలు నీళ్ల మీద మెల్లగా ఊగుతుంటాయి. గట్టు మీద నాన్న వీర్రాజు భుజానికి తాడు వేసుకుని, ముందుకు వంగి, సరుకు పడవను లాగుతూ నడుస్తుంటాడు. పడవలో కూర్చున్న పిల్లవాడు దానమే. "నొప్పిగా ఉందా నాన్నా?" అని అడుగుతాడు. "లేదురా" అంటాడు నాన్న, వెనక్కి తిరగకుండా. అంతే కల. కాశ్మీరు మంచులోనూ వచ్చింది, రాజస్థాన్ ఇసుకలోనూ వచ్చింది. ఇసుకలో వచ్చినప్పుడు మాత్రం లేచి చెంబెడు నీళ్లు తాగేవారట.

ఐనవిల్లి దగ్గర కూలి ఇంట్లో పుట్టి, మిషన్ బడిలో చదివి, సైన్యంలోకి వెళ్లిన మనిషి. ఇంజనీర్ల దళంలో నదుల మీద వంతెనలు వేయిస్తూ, తీరిక దొరికితే పందెం పడవ ఎక్కేవారు. రిటైరయ్యాక జాతీయ పడవ పందేల సంఘం వాళ్లు అధ్యక్షుడిగా రమ్మంటే కాదనలేకపోయారు. నీళ్లంటే ఆయనకంత వెర్రి. వెళ్లాక తెలిసింది, అక్కడ నీళ్లకంటే బురదే ఎక్కువని. విదేశాలకు వెళ్లే జట్టులో పడవ నడిపే పిల్లల కంటే పెద్దవాళ్ల బావమరుదులు ఎక్కువ. ఒక పెద్దమనిషి అల్లుడి పేరు కొట్టేసి, ఆ చోట వంటమనిషిని రాశారు దానంగారు. పరాయి దేశంలో పిల్లలు కడుపునిండా పప్పన్నం తిని పతకం తెచ్చారు. ఆ పెద్దమనిషి మాత్రం ఈరోజుకీ మాట్లాడడు. జట్టు ఎంపిక ఏసీ గదిలో కాదు, తల్లిదండ్రుల కళ్లెదుట గట్టు మీద జరగాలని పట్టుబట్టి, అదీ సాధించారు. ముక్కుకు సూటిగా పోయే మనిషి. ఢిల్లీలో అలాంటి ముక్కులు ఎక్కువకాలం నిలవవు గానీ, ఈయనది ఎలాగో నిలిచింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. దానంగారిది తలకిందులైంది. డెబ్బై నిండుతున్నాయి, వేసవి దాటితే కుర్చీ దిగాలి. దిగేలోగా దేశంలోని పిల్లలంతా తన కాలువలో, నాన్న నడిచిన గట్టు పక్కన, పడవ నడపాలి. మిగిలిన కోరిక అదొక్కటే. కాలువ వెడల్పు చాలదన్నారు సంఘంలో. పడవల్ని ఒకదాని వెనక ఒకటి వదిలి, గెలుపు గడియారంతో తేలుద్దామని ఒప్పించారు.

సైన్యంలో చేరాక ఆయన ఊరొచ్చేది క్రిస్మస్‌కే. ఈసారి వచ్చినప్పుడు, ఊరి నీటి సంఘం అధ్యక్షుడు నాగదుర్గాప్రసాద్‌కు ఆ మాట చెప్పారు.

"ఏప్రిల్ ఆఖర్లో పెడుతున్నామండి. పిల్లలకి సెలవులు కదా."

నాగదుర్గాప్రసాద్ కండువా సర్దుకున్నాడు. "ఆయ్, అలాగేనండి. తమరు తలుచుకోవాలే గానీ" అన్నాడు.

రెండో పంట దాళ్వా వరి చేతికొచ్చాక ఏటా ఏప్రిల్‌లో నీళ్లు ఆపి కాలువలు కట్టేస్తారని మా ఊళ్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. కానీ అంతటివారికి ఆ సంగతి మనం చెప్పడమా? ఢిల్లీలో మాట్లాడి నీళ్లకు ఏర్పాటు చేసే ఉంటారులే అనుకున్నారు అందరూ. తాటాకు పందిళ్లు కూడా వేసేశారు. మా మర్యాద మమ్మల్ని చాలాసార్లు ముంచింది. మునగడానికి నీళ్లయినా లేకుండా చేయడం మాత్రం అదే మొదలు.

పందేలకు వారం ముందు దానంగారు వచ్చారు. రావులపాలెం దాటాక కారులో కళ్లు మూసుకున్నారు, కాలువ గట్టు చేరాకే తెరుద్దామని. తెరిస్తే కాలువ లేదు. రెండు గట్లున్నాయి, మధ్యన బీటలువారిన మట్టి, అందులో ఎవరో పాతిన క్రికెట్ వికెట్లు. కాస్త అవతల ఆడా మగా పూడిక తీసి తట్టలతో మోస్తున్నారు. ఇంకా కలలోనే ఉన్నానేమో అనుకుంటూ ఆయన బూట్లతోనే కాలువలోకి దిగారు. అడుగు వేస్తే దుమ్ము లేచింది.

నాగదుర్గాప్రసాద్ పరుగున వచ్చాడు. "తమరు చెప్పించే ఉంటారనుకున్నామండి. ఇప్పుడైనా మించిపోలేదండి. తమరొక్క ఫోను కొడితే రెండ్రోజులు నీళ్లొదిలేస్తారండి."

ఆయన ఫోను తీశారు. చేస్తే పనవుతుందని ఆయనకూ తెలుసు. అప్పుడే గట్టు మీద నుంచి అక్క కాంతమ్మ కేకేసింది.

"ఒరే దానం, ఎండలో ఏంట్రా ఆ నిలబడ్డం?"

"అక్కా, కాలవ ఎప్పుడూ నిండుగానే ఉండేది కదా!"

"ఎప్పుడూ ఎక్కడుందిరా? ఏటా కట్టేసేవోరే."

"నేనెప్పుడూ చూళ్లేదే."

కాంతమ్మ చెంగు నెత్తిన వేసుకుని గట్టు మీద చతికిలబడింది. "నువ్వెలా చూస్తావు? కాలవ కట్టెయ్యగానే నిన్ను ఉప్పలగుప్తం, అమ్మమ్మ దగ్గరకి పంపేసేవోడు నాన్న. పడవల్లేకపోతే లాగే పని లేదు, పని లేకపోతే మనింట్లో పొయ్యి లేదు. ఇప్పుడు నువ్వు నిలబడ్డావే, అక్కడే పూడిక తీసేవోడు. ఓ పూట గంజి, ఓ పూట అదీ లేదు. 'ఆడు చిన్నోడే, ఆడికియ్యన్నీ ఎందుకు? నీళ్లొచ్చేక తీసుకొద్దాం' అనేవోడు."

దానంగారు కాళ్ల కింది మట్టిని చూశారు. డెబ్బై ఏళ్లుగా తనను మోసిన నిండు కాలువ నాన్న ఇచ్చింది. కడుపు మాడ్చుకుని ఇచ్చింది. ఆయన ఏడ్చారు. ఎండిన కాలువలో నిలబడి, అందరూ చూస్తుండగా, చిన్నపిల్లవాడిలా ఏడ్చారు.

తట్ట మోస్తున్న ఒకామె ఆగింది. "అయ్యగారండీ, నీళ్లొదిలేత్తారంట, నిజవేనాండి? మా పనాగిపోద్దండి."

ఆయన ఫోను జేబులో పెట్టేసుకున్నారు. "వదలరమ్మా. మీ పని కానివ్వండి" అన్నారు.

పందేలు ఎక్కడో దూరాన, పెద్ద జలాశయంలో జరిగాయి. జనరల్ గారు నేల మీద పడవలు నడపబోయారని ఆయనంటే గిట్టనివాళ్లు నవ్వుకున్నారు. ఆయన కాదనలేదు. కుర్చీ దిగి ఊరొచ్చేశారు.

జూన్‌లో నీళ్లు వచ్చాయి. ఎండుటాకుల్నీ, కొబ్బరిపీచునూ, ఎవరో పారేసుకున్న క్రికెట్ బంతినీ ముందుకు తోసుకుంటూ, దారి తెలిసిన మనిషిలా నింపాదిగా వచ్చాయి. కాలువ నిండాక ఒక ఉదయం దానంగారు ఎవరిదో నాటుపడవ అడిగి తెచ్చి, అక్కను అందులో కూర్చోబెట్టారు.

"జనరల్‌వి, నీకిదేం పనిరా? నలుగురూ చూస్తే ఏవనుకుంటారు?"

"కదలకుండా కూర్చో అక్కా."

తాడు భుజాన వేసుకుని, ముందుకు వంగి, గట్టు మీద నడవడం మొదలుపెట్టారు. నీడలు మెల్లగా ఊగుతున్నాయి. అంతా కలలో ఉన్నట్టే ఉంది. కాసేపటికి తాడు భుజంలోకి దిగింది. ఇది మాత్రం కలలో ఎప్పుడూ లేదు.

"నొప్పిగా ఉందేట్రా?" అంది కాంతమ్మ.

"లేదక్కా" అన్నారు దానంగారు, వెనక్కి తిరగకుండా.