నీళ్ళు తగ్గితే రెక్కలొస్తాయా?

వేసవిలో మా తిరుపతి పక్కన స్వర్ణముఖి ఇసుకలో మడుగులుగా మిగులుతుంది. ఆ నీళ్ళ మీద నడిచే పొడుగు కాళ్ళ పురుగులను చూస్తూ కూర్చోవడం నాకు అలవాటు. మార్కెట్ యార్డులో కాటా దగ్గర పని చేస్తాను. దేన్నయినా పోల్చి చూడకుండా ఉండలేను. ఎండిపోతున్న చిన్న మడుగులో చాలావాటికి రెక్కలున్నాయి. నిండుగా ఉన్న పెద్ద మడుగులో అదే రకం పురుగులకు లేవు. పెరిగే వయసులో నీళ్ళు తగ్గుతుంటే పిల్లలు రెక్కలతో పెద్దవవుతాయేమోనని, రెండు బట్టల టబ్బుల్లో పురుగు పిల్లల్ని పెంచడం మొదలుపెట్టాను.

ఈ సంగతి నగరిలో మరమగ్గాలు నడిపే మా బావమరిదికి ఫోన్‌లో చెప్పాను.

“నీళ్ళు లేకుంటే రెక్కలొస్తాయా బావా? మా వీధిలో కొళాయి రాక వారమైంది. వీపు తడుముకున్నా, ఏమీ లేదు.”

అంతటితో ఆగకుండా వాళ్ళక్కకు ఎక్కించాడు. కొండకు వెళ్ళడానికి వాడి కుటుంబం వచ్చే నెల మా ఇంట్లో దిగాలి. మా ఆవిడ గడువు పెట్టింది. “వాళ్ళొచ్చేలోగా రెక్కలు రాకుంటే, ఇంక ఈ ఇంట్లోకి ఒక్క పురుగు కూడా తేగూడదు.”

ఒక టబ్బు నిండుగా ఉంచాను. రెండోదాంట్లో నీళ్ళ మట్టానికి గీత గీసి, రోజూ చెంబుడు నీళ్ళు తీసేవాణ్ణి. రెండింటికీ ఈగలూ చీమలూ సమానంగా వేసేవాణ్ణి. అయినా నీళ్ళు గీత దిగలేదు. ఒకరోజు గీత పైకే వచ్చాయి. ఎండాకాలంలో మూత లేని టబ్బులో నీళ్ళు పెరిగే లెక్క నాకు తెలియదు. స్కేలు మార్చి చూశాను. చివరికి ఒక మధ్యాహ్నం మా ఆవిడ చెంబుతో దొరికిపోయింది.

“పిచ్చికలకు చిప్పలో పోస్తే పుణ్యం, వీటికి పోస్తే తప్పా? నోరెండిపోయి అల్లాడతా ఉండాయి పాపం.”

బతిమాలితే మానుకుంది. ఆ తర్వాత నీళ్ళు తగ్గాయి, పిల్లలు ఒక్కొక్కటే కుబుసం విడిచి పెద్దవయ్యాయి.

బావమరిది కొండ దిగి వచ్చి, స్నానం చేసి, కొత్త గుండుకు నూనె రాసుకుని, నీళ్ళు తగ్గించిన టబ్బు పక్కన కూర్చున్నాడు.

“రెక్కలు యాడ బావా?”

“వీపు మీద మడిచి ఉన్నాయి, చూడు.”

“మడిచినేటివి రెక్కలని ఎట్ల నమ్మేది? ఎగిరితే నమ్ముతా.”

ఒక్కటీ ఎగరలేదు. మా ఆవిడ టబ్బు ఖాళీ చేయడానికి కొంగు దోపుకుంది. అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను. బావమరిది గెలిచిన ధీమాతో ఇంకాస్త ముందుకు వంగాడు. ఒక పురుగు లేచింది, నూనెతో మెరుస్తున్న గుండు మీద వాలింది.

“బావా, ఏందో పాకతా ఉండాది.”

“కదలొద్దు. మెరిసేదల్లా నీళ్ళనుకుంటాయి అవి.”

“ముందు తీ బావా.”

“ఎగిరిందా లేదా, మీ అక్కకు చెప్పు.”

“ఎగిరిందిలే అక్కా, ఎగిరింది. నా నెత్తి మీదకే ఎగిరింది. తీయమను.”

పురుగును అరచేతిలోకి తీసుకుని టబ్బులో వదిలాను. మా ఆవిడ నవ్వాపుకుంటూ కొంగు వదులు చేసింది. నిండు టబ్బులోని రెక్కల్లేని పురుగులను కూడా ఇందులోకి మార్చి, ఆ టబ్బు తన తమ్ముడి గుడ్డలు నానబెట్టడానికి ఇమ్మంది. ఇది నాకే వదిలింది.

తర్వాత చెంబు నింపుకొచ్చి గీత దాకా నీళ్ళు పోసింది.

“రెక్కలొచ్చినాయి కదా, ఇంకనన్నా తాగనీండి.”