పడుగుకు పెట్టిన అంబలి

మా యారాలు వస్తున్నదంటే నాకు పొద్దుగాల నుంచే ఒళ్ళంత చిటపటలాడుతది. ఉన్నమాట చెప్తున్న, దాచుడెందుకు? ఆమె మా మర్ది పెండ్లాం, నాకన్న చిన్నది. జడ్చర్లల ఉంటరు. మర్ది అక్కడ మందుల కంపెనీల నౌకరి చేస్తడు. మేమేమో యాదగిరిగుట్టకు పోయే తొవ్వల ఒక ఊర్ల మగ్గం నేసుకొని బతికేటోళ్ళం. మా అత్త మాతోనే ఉంటది. మామ పోయినంక ఆమె బువ్వ, నీళ్ళు, దవాఖాన అన్నీ నేనే చూసిన. ఇన్నేండ్లల్ల "పెద్దదాని చేతి వంట మంచిగుంటది" అన్న మాట ఒక్కనాడన్న ఆమె నోట్లకెళ్ళి రాలే. నాకు కావాల్సింది గా ఒక్క మాటనే. చీర అడిగిన్నా, సొమ్ము అడిగిన్నా?

తెలంగాణ వచ్చిన రెండు మూడేండ్లకు అత్తకు షుగర్ బయటపడ్డది. కాలి వేలికి దెబ్బ తాకితే ఎంతకూ మానకపాయె. దవాఖానకు తీస్కపోతే డాక్టరమ్మ గోలీలు రాసిచ్చి, "మూడు పూటలు తెల్ల బువ్వ తినుడు తగ్గియ్యి అవ్వా, జొన్నలు, కొర్రలు అలవాటు చేసుకో" అన్నది. ఇంటికొచ్చి జొన్న రొట్టె చేసి పెట్టిన. పండ్లకు సాగుతున్నదని పళ్ళెం పక్కకు నూకింది. మెంతులు నానబెట్టి ఇస్తే చేదన్నది. కాకరకాయ కూర వండితే మొకం తిప్పుకున్నది. ఉపాసం పండబెట్టలేం గద, మళ్ల బువ్వే పెట్టిన.

గసొంటి మనిషి ఆ ఏడు బతుకమ్మ పండుగకు చిన్నది రాంగనే మారిపోయింది.

యారాలు రెండు సంచులు దించింది. కొర్ర నూకలు, అవిసె గింజలు, నువ్వులు, ఎండబెట్టిన కరివేపాకు. మహిళా సంఘంల నేర్పిచ్చిన్రట, జడ్చర్లల నలుగురికి అమ్ముతది గూడ. అత్త ముంగట కూసొని చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పింది. "అత్తమ్మా, వీటిల్ల పీచు ఉంటది. తిన్నది నిమ్మలంగ అరుగుతది, షుగర్ ఒక్కపారే పైకెక్కది. అవిసెలు గుండెకు మంచియి. కాని ఒక్క రోజుకు ఏం గాదు, ఏండ్లకేండ్లు తినాలె. గోలీలు మాత్రం బంద్ పెట్టకు."

అన్నీ నిజాలే. ఒక్క మాట గూడ తప్పు పట్టేటట్టు లేకపాయె, గదే నాకు ఇంకింత మండింది.

పొద్దుమూకి యారాలు కొర్ర నూకలను పల్చగ ఉడికిచ్చి, నా మట్టి సట్టిలనే పోసి, బట్ట కట్టి పెట్టేది. తెల్లారేసరికి అది జర పులుస్తది. అందుల మజ్జిగ, ఉప్పు, ఏంచి దంచిన అవిసెల పొడి కలిపి అత్తకు లోటా నిండ ఇచ్చేది. అత్త గటగట తాగి, మూతి తుడుచుకొని, వాకిట్లకు పోయి గోడ అవతలోళ్ళకు ఇనబడేటట్టు చెప్పేది. "మా చిన్నది ఏం అంబలి చేసిందమ్మా! పానం లేసొచ్చినట్టయితాంది!" నేను లోపట గిన్నెలు తోముతుంటే గిన్నెలే నా చేతుల సొట్టలు పడ్డయి.

నా పెండ్లయిన కొత్తల ఏం జరిగిందో మీకు చెప్పాలె. మా అమ్మగారిది మహబూబ్‌నగర్ దిక్కు, వాన మీద పండే చెల్క భూములు. మేం జొన్న నూకలు ఉడికిచ్చిన గట్క తినే పెరిగినం. ఇక్కడికొచ్చినంక ఒకనాడు ఆశపడి గట్క వండిన, పచ్చిపులుసు చేసిన. అత్త చూసి, "మా ఇంట్ల వరి బువ్వ తింటరు. నీ గట్క నీ అమ్మగారింట్ల పెట్టుకో" అన్నది. సుట్టాల ముంగట అన్నది. గప్పటి నుంచి నా ఇంట్ల నేను గట్క ముట్టలే. ఇప్పుడు గసొంటి గింజే, గసొంటి వంటే చిన్నదాని చేతులకెళ్ళి వస్తే మందయిందట, అమృతమయిందట! నాకు మండదా? మీకైతే మండదా?

పండుగ ఇంక రెండు దినాలున్నదనంగ అత్త అసలు మాట బయటపెట్టింది. "దసరా ఎల్లినంక నేను చిన్నదాని తోని జడ్చర్లకు పోత. ఆడుంటె నా పానం మంచిగుంటది."

నా చేతుల బువ్వ ముద్ద అట్లనే ఆగింది. యారాలు కొర్రలు చెరుగుకుంట, "ముందుగాల పుండు మాననియ్యి అత్తమ్మా" అన్నది. మా ఇంటాయన తల పైకెత్తలే. గింతేనా? ఆమె కాలు కడిగి మందు రాసిందెవరు? పండుగ పూట నలుగురి ముంగట ఏడ్వలేక పెరట్లకు పోయి నీళ్ళు తోడిన. ఎవ్వరు అడగకున్నా గాబు నిండ తోడిన.

మరునాడు పడుగుకు గంజి పెట్టేదున్నది. నేసే ముందు పడుగు దారాలను వాకిట్ల ఆ కొస నుంచి ఈ కొసకు పరిచి, గంజి పెట్టి కుంచెతోని దువ్వుతం. గప్పుడే దారం గట్టిపడి మగ్గం మీద తెగదు. ఆ గంజి జొన్నపిండితోని నేనే కాస్త. అది గూడ ముందు రోజే కాచి, సట్టిల పోసి, బట్ట కట్టి పెడ్త. జర పులిస్తెనే దారానికి మంచిగ పడతది.

ఇగ చూడున్రి. పొయ్యి పక్కన రెండు సట్లు. ఒకదాంట్ల మనుషులు తాగేది, ఒకదాంట్ల దారాలు తాగేది. రెండింటికీ తెల్ల బట్టలే.

ఆ పొద్దు నేను యారాలు కన్న ముందు లేసిన. ఇయ్యాల అంబలి నా చేతులకెళ్ళి అందాలె, నా చేతుల నుంచి తీసుకొని తాగాలె అని పంతం పట్టిన. ఆగం ఆగం బట్ట ఇప్పి, మజ్జిగ, ఉప్పు, అవిసెల పొడి కలిపి, లోటా నింపి అత్తకిచ్చిన. ఇంటాయన వచ్చి రెండో సట్టి ఎత్తుకపోయిండు. నేను చూడనే లేదు, నా కండ్లన్ని అత్త మొకం మీదనే ఉన్నయి.

అత్త ఒక గుక్క తాగి ఆగింది. మళ్ల తాగింది. అరుగు మీదికి పోయి కూసొని గట్టిగ అన్నది. "అన్ని రోజులొక ఎత్తు, ఇయ్యాలొక ఎత్తు. గొంతుల జారుతున్నది. చిన్నదాని చెయ్యే చెయ్యి!"

చేతికిచ్చింది నేను. పేరు దానిది.

గంతల్నే వాకిట్ల మా ఇంటాయన లొల్లి. "ఇదేం గంజే? నూకలు నూకలు గున్నది!" ఉరికిపోయి చూస్తే పడుగు నిండ కొర్ర నూకలు అంటుకొని ఉన్నయి. పక్కింటి కోళ్ళు అప్పటికే వచ్చి దారాలు పొడుస్తున్నయి. ఇంటాయన కుంచెతోని కోళ్ళను కొడుతున్నడు. యారాలు వచ్చి నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. "అయ్యో అక్కా, అది నేను చేసిన అంబలి! మరి అత్తమ్మ తాగిందేంది?"

సట్లు తారుమారైనయని అప్పుడు నాకు తెలిసింది. పడుగు పోయిందన్న ఫికర్ గూడ రాలే, తల్లీ. గంత సంబరం ఎన్నడు కాలే. నడి వాకిట్ల నిలబడి వాడకంత ఇనబడేటట్టు చెప్పిన. "ఆమె తాగింది నేను కాచిన గంజి! నేను! నా చేతి జొన్న గంజి!"

నలుగురు నవ్విన్రు. యారాలు గూడ నవ్వింది, చీర కుచ్చిళ్ళు చెక్కుకొని, దారాలు కడగనీకి నీళ్ళు తెచ్చింది. అత్త మాత్రం నవ్వలే. నేను ఆమె దగ్గరికి పోయి నిలబడ్డ. ఏమంటదో ఇయ్యాల విని తీరాలె అనుకున్న.

"నాకు తెల్వదనుకున్నవా?" అన్నది మెల్లగ. "మొదటి గుక్కకే తెలిసింది. పెండ్లయి వచ్చిన కాడి సంది పడుగులకు గంజి కాసిన దాన్ని నేను."

"మరి దాని పేరెందుకు చెప్పినవ్ అత్తా?" అన్న నేను.

అత్త వాకిట్ల నీళ్ళు పోస్తున్న యారాలు దిక్కు చూసింది. "మెచ్చుకుంటె తోల్కపోతదేమో అనుకున్న. చిన్నోని ఇంట్ల నాలుగు దినాలన్న ఉండాలని నాకుండదా? నేను పోతనన్న కాడి నుంచి 'రా అత్తమ్మా' అన్నదా అది? నువ్వన్న విన్నవా?"

నేను యాది చేసుకున్న. పొడి ఎట్ల దంచాలెనో చెప్పింది, నూకలు ఎంత సేపు నానాలెనో చెప్పింది. రమ్మని మాత్రం అనలే. ఆ పొద్దు నాకు సంబరం కావాలె గద. గెలిచినట్టే గద. కాని కడుపుల మంట ఆరలే, ఇంకొక దిక్కు అంటుకున్నది.

"పిలిస్తే పోయేదానివా?" అని అడిగిన.

అత్త ఖాళీ లోటా నా దిక్కు చాపి, "సట్టిల ఇంకింత ఉంటే పొయ్యి" అన్నది.

ఉన్నదంత పోసిన. మజ్జిగ కలిపి, అవిసెల పొడి గూడ జర ఎక్కువే ఏసిన, కోపం తోనో దేనితోనో ఇప్పటికీ నాకు తెల్వది.