చివరి విజిల్

మా హైస్కూలుకు మైదానం లేదు. అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టును కోచ్ మేడం తార్నాక నుంచి యూనివర్సిటీ గ్రౌండుకు నడిపించుకుని వెళ్లేవారు. ఆమె కుదురుగా నిలబడగా నేనెప్పుడూ చూడలేదు. గ్రౌండు అంచున సున్నం గీత వెంట అటూ ఇటూ తిరుగుతూ విజిల్ తాడును వేలికి చుట్టేవారు, విప్పేవారు. మేం గెలిచి గంతులేస్తున్నా, ఓడి ఏడుస్తున్నా ఒకటే మాట: "సరే, తర్వాత ఏంది?" నాకు ఒళ్లు మండేది. పొద్దు గూకే వేళకు విజిల్ ఊది, నిమిషం కూడా ఉండనివ్వకుండా ఇళ్లకు తరిమేవారు.

ఆ ఏడు సెమీఫైనల్లో ఓడిపోయాం. మర్నాడు గడ్డిలో కూర్చోబెట్టి ఎక్కడ తప్పు చేశామో మాచేతే చెప్పించారు.

"అందరం ముందుకే ఉరికినం మేడం. వెనక ఎవ్వరు లేరు," అన్నాను.

"సరే, తర్వాత ఏంది? వచ్చే ఏడు?"

ఫైనల్ కొడతామని అరిచాం. కెప్టెన్ మాత్రం గడ్డి పీకుతూ కూర్చుంది.

"నేను రాను మేడం. టెన్త్ కదా. రేపటి సంది కోచింగ్ సెంటర్ల ఏస్తుండు మా నాయిన. ఆట బంద్ అన్నడు."

"నేనొచ్చి మాట్లాడనా?"

"పోయినసారి మాట్లాడిన్రు కదా మేడం. ఇన్నడా?"

వేలి మీద తాడు ఆగిపోయింది.

"లేవుండ్రి. రెండు టీములు కాండ్రి," అన్నారు మేడం.

ఆడుతూనే ఉన్నాం. రోడ్డు మీద లైట్లు వెలిగాయి. బంతి కనబడక ఒకరి కాళ్లు ఒకరం తన్నుకుంటున్నాం. మేడం విజిల్‌ను పిడికిట్లో బిగించి గీత వెంట నడుస్తూనే ఉన్నారు. ఊదలేదు.