ఇద్దరి మాటా కాదనలేక

గరివిడిలో నాదో మందులషాపు. నోటి దురుసు మనిషినని నాకు పేరు, అబద్ధమేం కాదు. ఓ పొద్దు మావ నా షాపు బెంచీ మీద ఒళ్ళంతా చెమటలు పట్టి పక్కకి ఒరిగిపోయినాడు. సొంత మావ కాదు, పక్కూరి రైతు. ఏళ్ళుగా సుగరు మాత్రలు నా దగ్గరే కొంటాడు. గబగబా గ్లూకోజు నీళ్ళు తాగించినాను. ఎదురు క్లినిక్కు డాక్టరు పరిగెత్తుకొచ్చి, సుగరు బాగా పడిపోయిందన్నాడు, రెండు గంటలు అక్కణ్ణుంచి కదలనివ్వలేదు.

తేరుకున్నాక మావ చేతిసంచి బోర్లించినాను. నేనిచ్చిన పచ్చ మాత్రలున్నాయి. కాలి పుండుకని పట్నం ఆసుపత్రిలో పది రోజులుంటే, ఇంటికి పంపిస్తూ వాళ్ళిచ్చిన తెల్ల మాత్రలూ ఉన్నాయి. రంగు వేరు, పేరు వేరు, లోపలి మందు మాత్రం ఒక్కటే.

"రెండూ మింగతన్నావేటి మావా?"

"మరేటి సెయ్యమంటావు? పచ్చది నువ్విచ్చినావు, తెల్లది ఆలిచ్చినారు. ఒకటి మానేస్తే ఒకరి మాట తీసేసినట్టు కాదేటి?"

ఓలమ్మో! మర్యాదకి పోయి ప్రాణం మీదకి తెచ్చుకున్నాడు.

"ఇంక ఏదీ మింగను. మీరిద్దరూ ఒక్క మాట మీదకొచ్చినాక సెప్పు" అని సంచి నా వైపు తోసేసినాడు. మందు మానేస్తే పుండు మానదు. కాలి వేలు తీసేయాల్సి రావచ్చని ఆసుపత్రిలో అప్పటికే చెప్పి ఉన్నారు.

డిశ్చార్జి చీటీ మీది నంబరుకి ఫోన్ చేసినాను. అక్కడి ఫార్మసిస్టు ఎత్తగానే దులిపేసినాను. "పాతది ఆపమని ఒక్క ముక్క రాయడానికి మీకు చెయ్యి రాలేదేటండి?"

ఆయన అంతా విన్నాడు. "అమ్మా, ఏం వాడుతున్నావని అడిగితే పచ్చ మాత్రన్నాడు. అంతకుమించి మాకేం తెలుస్తుంది? పోనీ, ఆసుపత్రి నుంచొచ్చిన మనిషికి మళ్ళీ పాత మాత్రే ఇచ్చేటప్పుడు మీరైనా అడిగినారా?"

అడగలేదు. మూడ్రోజుల కింద మావ ఖాళీ అట్ట చూపించి "ఇదే ఇయ్యి" అన్నాడు, ఇచ్చేసినాను. కాలికి కట్టు కనబడుతూనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయినాను.

ఆయన వార్డు డాక్టరుని అడిగి మళ్ళీ ఫోన్ చేసినాడు. మావ వినేలా స్పీకరు పెట్టినాను. రేపట్నుంచి తెల్లదొక్కటే, పచ్చది వద్దన్నాడు. సరేనండి అన్నాను. మావ ఇద్దరి మాటా విని, పచ్చ అట్టలు తనే తీసి నా బల్ల మీద పెట్టేసినాడు.

అప్పట్నుంచి మా వైపు మనిషి డిశ్చార్జయితే, ఆ మనిషి సరేనంటే, ఏవి ఆపినారో ఏవి కొత్తవో ఆ ఫార్మసిస్టు నాకు రాసి పంపిస్తాడు. ఇక్కణ్ణుంచి ఎవరైనా అక్కడ చేరబోతే పాత మందుల చీటీ నేను రాసిస్తాను. ఇప్పటికీ పోట్లాడుకుంటాం, ఆయన చేతిరాత మరీ ఘోరం.

మొన్న మావ చెప్పులేసుకుని నడిచొచ్చినాడు. పుండు మానిపోయింది, అయిదు వేళ్ళూ ఉన్నాయి. ఆసుపత్రిలో ఏదో మాత్ర మార్చినారు. కొత్త అట్ట ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు.

"ఆయన్తో మాటాడినావేటి?"

"మాటాడినాను మావా."

"అయితే ఇయ్యి."