ఓడలలోకం ఎవరికి పోతుంది

ఒక మనిషిని వీధిలో ఒంటరిని చేసిన మాట నా నోటి నుంచే వచ్చింది. ఈ సంగతి ఏళ్ళుగా నా గుండెలో రాయిలా ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. నా పేరు రాయడం లేదు. అది కూడా పిరికితనమేనేమో.

మాది ఎమ్మిగనూరు, నేత ఇల్లు. బడి చిన్నప్పుడే ఆగిపోయింది కానీ చదువు ఆగలేదు. మగ్గం గుంటలోంచి లేవగానే గ్రంథాలయానికి పోయేవాడిని. చరిత్ర, వేదాంతం, ఖగోళం, ఏది దొరికితే అది చదివాను. వీధిలో నా అంత చదివినవాడు లేడన్న గర్వం ఉండేది. ఇప్పటికీ పోలేదు.

మా వీధిలో ఒక పద్ధతి ఉంది. మగ్గానికి ఎక్కించే నిలువు పోగులను పడుగంటాం. ఎవరి పడుగైనా పొద్దున్నే వీధి పొడవునా సాగదీసి గంజి పట్టిస్తారు. గంజి ఆరేలోగా కుంచెలతో దువ్వి పోగులు విడదీయాలి. అది ఒక ఇంటివాళ్ళతో అయ్యే పని కాదు. ఇరుగుపొరుగు చేతులు పడాలి. ఎవరూ ఎవరినీ పిలవరు. పడుగు కనబడితే వచ్చి కుంచె అందుకుంటారు.

దువ్వేటప్పుడు నేను చదివిన సంగతులు చెప్పేవాడిని. చుక్కలన్నీ సూర్యులేననీ, వాటి చుట్టూ లోకాలు ఉండవచ్చనీ ఒకరోజు చెప్పాను. అందరూ నవ్వారు. పక్కింటి ఈరన్న మాత్రం నవ్వలేదు.

ఈరన్నకు అక్షరం రాదు. కొన్నాళ్ళకే ఆ చుక్కల్లో ఒక లోకాన్ని కల్పించి కథ మొదలుపెట్టాడు. దాని పేరు ఓడలలోకం. అక్కడ సముద్రం లేదు. ఊరూరా ఓడలు కడతారు. అవి చుక్కకూ చుక్కకూ నడుమ ఉన్న చీకట్లో పోతాయి. చుక్కలన్నిటికీ ఒకప్పుడు ఒకటే ఏలుబడి. తర్వాత దాయాదులు చీలిపోయి, తూర్పు చుక్కలవాళ్ళూ పడమటి చుక్కలవాళ్ళూ యుద్ధానికి దిగారు. ఓడలు లేనిదే యుద్ధం సాగదు కనుక ఇద్దరికీ ఆ లోకమే కావాలి. ఒక దండు దిగి జెండా పాతుతుంది, రెండోది వచ్చి పీకుతుంది. ఓడలు కట్టేవాళ్ళు మాత్రం ఎవరు గద్దించినా తలూపి, ప్రతి ఓడకూ ఒక్క పలక బిగించకుండా వదిలేసి, రేపు ఇస్తామంటారు.

వీధి మొత్తం ఆ కథ కోసం కాచుకునేది. నా కబుర్లు అడిగేవాళ్ళు లేకపోయారు.

అప్పటికి మా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనే ఉంది. కొత్త రాష్ట్రం వస్తుందంటున్నారు. ఏ ఊరు తెలుగువాళ్ళకు, ఏ ఊరు కన్నడంవాళ్ళకు అని టీ అంగళ్ళలో తగాదాలు. ఎదుటివాడు ఏ వైపో తేల్చుకోకుండా ఎవరూ మనసు విప్పని రోజులవి.

పుస్తకాల వల్ల నాకొక జబ్బు పట్టింది. ప్రతి మాటకూ లోపలి అర్థం వెతికేవాడిని. మాకు పడమర బళ్ళారి కాదా? దాయాదులంటే మేమూ కన్నడంవాళ్ళూ కాదా? ఈరన్న భార్యది సిరుగుప్ప, ఇంట్లో కన్నడమే మాట్లాడుతుంది. మరి కథలో పడమటి దండు సేనాపతిని ఓడలు కట్టేవాళ్ళకు కూడు పెట్టే మంచివాడిగా ఎందుకు చెప్పాడు? ఇలా ఒక్కొక్కటీ జతచేసుకుంటూ పోయాను. చేసేకొద్దీ అన్నీ సరిగ్గా అతుకుతున్నట్టే కనబడ్డాయి. అనుమానం ఉన్నవాడికి అతకనిదేముంటుంది?

ఒకరోజు అందరి ముందే అడిగాను.

"ఈరన్నా, కడకు ఆ లోకం ఎవరికి పోతాది?"

"నీకేమప్పా అంత తొందర? తూరుపు చుక్కలోళ్ళు నీకేమన్నా పిల్లనిచ్చినారా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

"ఎగతాళి వద్దు. సెప్పు."

"ఎవరికి పోతేనేమి? జెండా మారతాది. సుత్తి పట్టినోడు ఆడనే ఉంటాడు. వానికి ఇంత కూడు పెట్టినోడే రాజు."

ఆ మాట పట్టుకుని సావుకారు దగ్గరికి పోయాను. వీధికంతా నూలు ఇచ్చేది ఆయనే. తెలుగు వైపు సభలు పెట్టించేదీ ఆయనే. ఈరన్న చెప్పేది ఉత్త కథ కాదనీ, జనాన్ని బళ్ళారి వైపు తిప్పుతున్నాడనీ చెప్పాను. వెనక ఎవరో ఉండి చెప్పిస్తున్నారని కూడా అన్నాను. ఆ చివరి మాట పచ్చి అబద్ధం. అంటున్నప్పుడే నాకు తెలుసు. మిగతాదైనా నమ్మానా? నమ్మాలని కోరుకున్నాను. దేశం మీద ప్రేమతో కోరుకున్నానా, వీధి వాడి వైపు తిరిగిందని కోరుకున్నానా? అప్పుడు ఈ ప్రశ్న వేసుకోలేదు.

సావుకారు ఈరన్నను ఏమీ అనలేదు. నూలు ఎప్పటిలాగే ఇచ్చాడు. మిగతా ఇళ్ళకు మాత్రం, వాడి పడుగు ముట్టినవాళ్ళకు నూలు ఉండదని కబురు పంపాడు.

ఆ తర్వాత ఈరన్న పడుగు పరిచిన పొద్దున ఎవరూ రాలేదు. తలుపులు తెరిచే ఉన్నాయి. భార్యాభర్తలిద్దరూ ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెత్తుతూ దువ్వారు. ఎండ ఎక్కింది. పోగులు ఒకదానికొకటి కరుచుకుని కట్టెల్లా బిగుసుకుపోయాయి. సొంత తమ్ముడు తిమ్మప్ప కూడా సావుకారుకు భయపడి గడపలోనే నిలబడిపోయాడు. నేనూ నా గడపలోనే ఉన్నాను.

చెడిన నూలుకు బదులు ఈరన్న సావుకారుకు మగ్గం ఇచ్చుకుని ఆదోని పోయాడు. అక్కడ పత్తి మిల్లులో మూటలు మోసేవాడు. కొత్త రాష్ట్రం వచ్చింది, మా తాలూకా కర్నూలు జిల్లాలో కలిసింది. తర్వాత ఒకసారి ఈరన్న ఆదోనిలో కనబడి, తనే పిలిచి టీ తాగించాడు.

"అన్నా, నువ్వు సదువుకున్నోడివి. సావుకారుకు ఎక్కించింది మా తిమ్మప్పే గదా? లేకుంటే ఆ పొద్దు ఎందుకు రాలేదు వాడు?"

నేను టీ తాగుతున్నాను. కాదు అనడానికి ఒక్క మాట చాలు. అనలేదు. దాన్నే జవాబుగా తీసుకుని తను తల పంకించాడు, అవునన్నట్టు. ఆ మౌనం నేను సావుకారుతో చెప్పినదానికంటే పెద్ద తప్పు. మొదటిది కోపంలో చేశాను. ఇది నిదానంగా, గుక్క గుక్కకూ ఆలోచించి చేశాను.

ఈరన్న ఆ మిల్లులోనే దగ్గు పట్టి పోయాడు. ఎమ్మిగనూరు నుంచి నేనూ తిమ్మప్పా ఇద్దరమే పోయాము. తిమ్మప్ప పాడె దగ్గరికి వస్తుంటే ఈరన్న భార్య అడ్డం నిలబడింది. "నువ్వు ముట్టొద్దు," అంది. నా వైపు తిరిగి, "నువ్వు పట్టుకో అన్నా," అంది. పట్టుకున్నాను. తిమ్మప్ప చాలా వెనక, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వచ్చాడు.

ఆమె ఇంకా ఉంది. తిమ్మప్పా ఉన్నాడు. ఆ రెండిళ్ళ పిల్లలూ ఒకరికొకరు ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు. నన్ను క్షమించమని అడగను. క్షమించవలసినవాడు లేడు, ఉన్నవాళ్ళ ముందు నిలబడే ధైర్యం ఇంకా రాలేదు. రాయగలిగింది ఇంతే. సావుకారుకు చెప్పింది తిమ్మప్ప కాదు. నేను.